వాకబు

ఏం ఉద్యోగం చేస్తున్నావమ్మా అని మనవాళ్ళెవరైనా అడిగితే, "గవర్నమెంటు ఆఫీసులోనండి" అనేసి వంటింటి వైపు వెళ్ళిపోతాను. ఆక్లండ్ తెలుగువాళ్ళలో సగం మంది నాది పన్నుల శాఖ అనుకుంటారు. మిగతా సగం నాకు పొగరు అనుకుంటారు. రెండింటికీ నాకేం అభ్యంతరం లేదు. ఫలానా పని అని ఒక్కసారి నోరు జారితే చాలు, సాయంత్రానికల్లా ఎవరి మేనల్లుడి వీసా కాగితాలో నా వాట్సాప్‌లో ఉంటాయి.

పని ఇదీ. మా దేశంలో మాకు ప్రాణభయం ఉంది, వెనక్కి పంపొద్దు అని న్యూజిలాండ్‌ని ఆశ్రయం అడిగేవాళ్ళుంటారు. వాళ్ళని ఎదురుగా కూర్చోబెట్టుకుని, మొదట్నించి చివరిదాకా అడిగి, చెప్పింది నిజమేనా, నిజమైతే ఆ భయానికి ఆధారం ఉందా అన్నది తేల్చి రాయాలి. రాజకీయ కక్షల కేసులు ఎక్కువగా నాకే వస్తాయి. ఎన్నికలంటే ఏమిటో నాకు విడమర్చి చెప్పక్కర్లేదని మా మేనేజర్ నమ్మకం. ఉన్నమాట చెప్పాలంటే నాదీ వాకబు ఉద్యోగమే. పెళ్ళి వాకబులో పిల్లాడు తాగుతాడా అని కనుక్కుంటారు. నేను, పిల్లాణ్ణి చంపుతారా అని కనుక్కుంటాను.

ఈ పనిలో అన్నిటికన్నా పెద్ద కట్టడి ఒకటుంది. ఎవరు ఆశ్రయం అడిగారన్నది బయటికి పొక్కకూడదు. పేరు చెప్పకపోవడం ఒక్కటే కాదు, అలాంటి మనిషొకడున్నాడన్న అనుమానం కూడా ఎవరికీ రానివ్వకూడదు. కట్టుకున్నవాడికీ చెప్పకూడదు. అందుకని ఇక్కడ పేర్లు రాయను, ఊళ్ళు రాయను, రాసినవాటిలోనూ కొన్ని కావాలనే మార్చాను. మార్చనిది ఒక్క పెద్దాయన్ని. ఆయన్ని ఎలా మార్చాలో నాకు తెలియలేదు.

మామూలుగా తెలుగువాళ్ళ కేసులు నా బల్ల మీదికి రావు. ఆ ఏడాది ఆఫీసులో మనుషులు చాలక, ఈ వ్యక్తితో నాకు పరిచయం గానీ చుట్టరికం గానీ లేదని నాతో సంతకం పెట్టించుకుని ఒకటి ఇచ్చారు. అతనిది కృష్ణకి అవతలి వైపు. నాది ఇవతలి వైపు. హామిల్టన్ దాటాక ఎక్కడో పాల ఫార్మ్‌లో పనిచేస్తున్నాడు. ముప్పై దాటిన మనిషి, చేతులు పగిలిపోయి ఉన్నాయి. ఇంటర్వ్యూకని కొత్త చొక్కా కొనుక్కున్నట్టున్నాడు, మడతలు ఇంకా పోలేదు. పక్కన అతని లాయరు. వేరే ఊరి నుంచి ఫోన్లో దుబాసీ ఆవిడ. నాకు తెలుగొచ్చినా సరే, అతను అన్నది ఆవిడ ఇంగ్లీషులో చెప్పాకే నేను రాసుకోవాలి. చెవిన పడ్డ మాటనే మళ్ళీ పడేదాకా ముఖం రాయిలా పెట్టుకుని కూర్చోవడం ఎంత కష్టమో చేసినవాళ్ళకే తెలుస్తుంది.

అతను అడిగిన మొదటి మాట: "మేడం, మీదే ఊరండి?"

దుబాసీ బుద్ధిగా దాన్ని ఇంగ్లీషు చేసింది. అది చెప్పకూడదని నేను ఇంగ్లీషులో అన్నాను. అది తెలుగులో అతనికి చేరింది. అతను కాస్త నవ్వాడు. "పర్లేదండి. అడగొద్దని లాయరు గారు చెప్పారు. నోరు ఊరుకోదు గదా."

తర్వాత చాలాసేపు నవ్వలేదు. ఎన్నికల రోజున అతను ఓడిపోయిన పార్టీ తరఫున బూత్‌లో ఏజెంటుగా కూర్చున్నాడు. మధ్యాహ్నం అవతలి వాళ్ళు తలుపులు మూసి లోపలున్న వాళ్ళని కొట్టారు. అందరూ చూశారు. చూశామని, కొట్టింది ఫలానా వాళ్ళేనని పేర్లతో సహా చెప్పింది మాత్రం ఇద్దరే, ఇతనూ ఇతని స్నేహితుడూ. అవతలి వాళ్ళు గెలిచారు. ఇతని మిరపకాయలు కళ్ళంలోనే తగలబడ్డాయి. స్టేషన్‌కి వెళితే కేసు ఇతని మీదే రాశారు. కొన్నాళ్ళకి స్నేహితుడు బండి మీద పోతుంటే లారీ గుద్దింది. "యాక్సిడెంట్ అంటన్నారండి. ఆ లారీ పొద్దుట్నుంచీ ఆ మలుపులోనే ఆగుంది," అన్నాడు. అంతే చెప్పాడు. ఏడవలేదు, గొంతు పెంచలేదు. నేను వెనక్కీ ముందుకీ తిప్పి ఎంత అడిగినా ఎక్కడా తడబడలేదు.

నమ్మాను. నమ్మడంతో నా పని అయిపోతే బాగానే ఉండేది. కానీ చట్టం ఇంకో ప్రశ్న అడుగుతుంది. సొంత ఊళ్ళో భయమే, సరే, సొంత దేశంలోనే మరోచోట నిక్షేపంగా బతకగలిగితే ఇక్కడిదాకా ఎందుకు? ఇతని భార్య, బడికెళ్ళే పాప, పెళ్ళికెదిగిన చెల్లెలు, ముగ్గురూ వేరే రాష్ట్రంలో ఒక మహానగరానికి వెళ్ళిపోయి ఏడాది దాటింది. ఎవరూ వాళ్ళ జోలికి రాలేదు. మరి అతనూ వెళ్ళి వాళ్ళతో ఉండొచ్చు కదా?

"నేను లేను గాబట్టి ఎతకట్లేదండి. నేను ఈడ ఉన్నానని తెలిస్తే నన్ను రప్పించడానికి ముందు వాళ్ళనే పట్టుకుంటారు."

"అంత పెద్ద నగరంలో ఎలా పట్టుకుంటారు?"

అతను నా వైపు చూసిన చూపు, నేను తెలుగుదాన్నని గుర్తుచేసుకుంటున్నట్టుంది. "మనోళ్ళు లేని ఊరు ఏడుందండి? ఎవరో ఒకరు మీదే ఊరు అంటారు. ఒక్కసారి నోట్లోంచి వచ్చిందా, అయిపోయింది."

ఆ నగరం పేరు ఎంత అడిగినా చెప్పలేదు. లాయరు నచ్చజెప్పి, ఇది ఈ గది దాటి పోదని నేను కూడా మాటిచ్చాక, బల్ల మీదికి వంగి చిన్నగా చెప్పాడు.

మనోళ్ళు లేని ఊరు ఎక్కడుంది అన్నమాట ఫైల్లో ఋజువు కింద పనికిరాదు. ప్రతివాడూ ఎక్కడికెళ్ళినా దొరికిపోతామనే అంటాడు. కోటి మంది మధ్య ముగ్గురు ఆడవాళ్ళు. నేను నిర్ణయం రాయడం మొదలుపెట్టాను. నమ్మదగ్గ మనిషి అని రాశాను. భయం నిజం అని రాశాను. "అయినప్పటికీ" అన్న మాట దగ్గర శుక్రవారం సాయంత్రం అయింది, కంప్యూటర్ మూసేసి ఇంటికొచ్చాను.

ఆ ఆదివారం మధ్యాహ్నం మేముండే హాబ్సన్‌విల్‌లోనే, మా వీధికి రెండు వీధుల అవతల, నా స్నేహితురాలి కొత్తింట్లో గృహప్రవేశం భోజనాలు. పాలు పొంగించడానికి వెళితే పొగ అలారం మోగిందట, అదే కబురు అందరి నోటా. అక్కడ ఆమె మామగారు ఉన్నారు. అప్పటికి కొన్ని వారాల క్రితం ఇండియా నుంచి కొడుకు దగ్గరికొచ్చారు. సహకార బ్యాంకులో చేసి రిటైరైన మనిషి. తెల్లటి జుట్టు, ఇస్త్రీ పంచె, దాని మీద మనవరాలి స్కూలు బొమ్మ ఉన్న చలికోటు. అంత ముద్దొచ్చే పెద్దమనిషి ఈ మధ్యలో నాకు ఎక్కడా తగల్లేదు. ఆ మాట ఇప్పటికీ అంటాను.

ఆయనకి ఒక విద్య ఉంది. వాకబు. మా వైపు ఎవరింట్లో సంబంధం కుదరబోతున్నా, అవతలివాళ్ళు ఎలాంటివాళ్ళో కనుక్కోమని ఈయనకే కబురు పెట్టేవారట. పైసా తీసుకోడు. పెళ్ళికి పిలిస్తే భోంచేసి వస్తాడు, అంతే. నా ఇంటిపేరు అడిగారు. అత్తగారి ఊరు అడిగారు. పులిహోర తింటూ తింటూ, మా పెదమామగారి తోడల్లుడు తన క్లాసుమేటని, నాకు లెక్కలు చెప్పిన మాస్టారి రెండో అమ్మాయి సంబంధం తనే కుదిర్చానని తేల్చేశారు. చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు.

"వాకబంటే అడగటం కాదమ్మా," అన్నారు మురిసిపోతూ. "అడిగితే ఎవడూ చెప్పడు. పక్క విషయం అడగాలి. అంతెందుకు, మొన్న మన దేశం నుంచి ఫోనొచ్చింది. నాకు తెలిసినాయనే చేశాడు. ఎవరో ఒకింటి పిల్లని చేసుకుందామనుకుంటన్నారంట. పిల్ల అన్నగారు ఈ దేశంలోనే ఉన్నాడంట. ఎక్కడున్నాడు, ఏం చేస్తున్నాడు, కాస్త చూసి చెప్పమన్నారు. నేను ఇక్కడికి వచ్చిందే నిన్నగాక మొన్న. ఎట్టా చేశానంటావు?"

ఎవరో, ఎలా చేశారంకుల్ అన్నారు.

"రెండు ఫోన్లు. తెలుగువాడు ఎక్కడికెళ్ళినా గోంగూర కొనక చస్తాడా? హామిల్టన్ వైపు ఫార్మ్‌లకి వ్యాన్‌లో సరుకులు వేసే కుర్రాణ్ణి పట్టుకున్నా. ఫలానా వైపు యాసలో మాట్లాడే అబ్బాయెవరైనా పండుమిరప పచ్చడి తీసుకుంటన్నాడా అన్నా. ఉన్నాడన్నాడు. ఆవుల ఫార్మ్‌లో. పెద్ద ఉద్యోగమేం కాదుగానీ ఒళ్ళొంచి పనిచేస్తాడంట, చుక్క ముట్టడంట. మంచిమాటే చెప్పా వాళ్ళకి."

"మరి పిల్ల?" అంది పక్కనున్న ఆంటీ.

"పిల్ల ఇంకా సులువు. వదినగారి దగ్గరుంది. వదిన, ఒక పాప, ఈ పిల్ల." ఆయన ఆ నగరం పేరు చెప్పారు. అతను బల్ల మీదికి వంగి చిన్నగా చెప్పిన పేరు. "అక్కడ తెలుగు మెస్ నడిపేవాడు నాకు వరసకి అల్లుడవుతాడు. ఆ పిల్ల మెస్‌కొచ్చి కూర పొట్లాలు కట్టించుకెళ్తందంట. ఇల్లు కూడా చూశాడు. అక్కడ తెల్లారాక ఫోన్ చేసి వాళ్ళకి చెప్పాలి."

నా చేతిలో గారె ఉంది. తిన్నానో, ఎక్కడ పెట్టానో గుర్తు లేదు. ఆయన జేబులోంచి ఆ ఫోను లాక్కుని వెనకున్న సముద్రంలోకి గిరాటెయ్యాలనిపించింది. కానీ వద్దని అనడానికి నాకు నోరు లేదు. వద్దంటే ఎందుకమ్మా అంటాడు. ఎందుకో చెబితే, ఆ అబ్బాయి ఎవరి దగ్గర ఏం అడిగాడో చెప్పినట్టే. ఈయనకి తెలిస్తే రెండు ఫోన్లలో అవతలికి చేరుతుంది. పైగా ఇంటినిండా జనం.

అప్పుడు నాకు తోచింది ఒక్కటే. "అంకుల్, మా ఆడపడుచు కొడుక్కి సంబంధాలు చూస్తున్నాం. మీరే ఏదైనా చెయ్యాలి," అన్నాను. మావారు నోరు తెరిచారు. ఆ పిల్లాడు పదో తరగతి. నా చూపు చూసి నోరు మూసుకున్నారు. వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్ళి చెయ్యమన్నారు పెద్దలు. నేను పెళ్ళి లేకుండానే ఆడాను. గోత్రం, నక్షత్రం, ఎత్తు, జీతం, అన్నీ అక్కడికక్కడ పుట్టించాను. పెద్దాయన కళ్ళజోడు పెట్టుకుని సర్దుకు కూర్చున్నారు. మిగతావి మావారు చెబుతారని ఆయన్ని ముందుకు తోసి, నేను గరాజ్‌లోకి వెళ్ళి మా మేనేజర్‌కి ఫోన్ చేశాను.

మా మేనేజర్ కివీ ఆవిడ, నిదానమైన మనిషి. ఆదివారం తోటపనిలో ఉంది. మొదట అర్థం కాలేదు.

"ఎవరాయన, పోలీసా?"

"కాదు. పెళ్ళి పెద్ద."

"వచ్చి కొన్ని వారాలే అయిన ముసలాయన, రెండు ఫోన్లతో, రెండు దేశాల్లో మనుషుల్ని పట్టుకున్నాడా?"

"అవును. అతను ఇంటర్వ్యూలో చెప్పింది ఇదే."

అవతల పార కింద పెట్టిన చప్పుడైంది. తర్వాత, లాయరుకి తను ఫోన్ చేస్తానని, లాయరు ఆ మనిషికి, ఆ మనిషి భార్యకి చెప్పేలా చూస్తానని అంది. "ఆ ముసలాయనతో ఏం మాట్లాడకు. ఒక్క మాట కూడా," అంది. నేను గరాజ్‌లో వాషింగ్ మెషీన్ పక్కన నిలబడి, లోపల నవ్వులు వింటూ, ఇండియాలో తెల్లవారకుండా ఉంటే బాగుండునని కోరుకున్నాను. ఎక్కడైనా తెల్లవారకుండా ఉంటుందా? మేం ఇంటికి బయల్దేరుతుంటే పెద్దాయన వరండాలో ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, గట్టిగా, ప్రేమగా, "ఆఁ, వినపడతందా," అంటున్నారు.

మర్నాడు ఆ కేసు నా చేతిలోంచి పోయింది. అది పద్ధతే. విన్నది రాసి సంతకం పెట్టాక నేను సాక్షిని, సాక్షి నిర్ణయం రాయకూడదు. వేరే ఆఫీసరుకి ఇచ్చారు. నా కంప్యూటర్లో ఆ ఫైలు నొక్కితే మీకు అనుమతి లేదు అని వస్తుంది. నేను రాసిన "అయినప్పటికీ" కూడా ఆ తాళం వెనకే ఉంది. ఏమైందని మేనేజర్‌ని అడిగాను. కబురు అందిందని చెప్పింది. ఇంకేం అడగొద్దంది.

చాలా కోపం వచ్చింది నాకు, ఎవరి మీదో తెలియని కోపం. ఆ తర్వాత మనవాళ్ళ విందులకీ పూజలకీ వెళ్ళడం మానేశాను. ఆల్బనీ మాల్‌లో ఒకావిడ నా బొట్టు చూసి నవ్వుతూ, "తెలుగువాళ్ళా, ఏ ఊరండి?" అంటే, వినపడనట్టు మెట్లు దిగిపోయాను. పాపం ఆవిడ తప్పేముంది? మనకి అదేగా పలకరింపు. మొన్నటిదాకా నాకూ అది తీపి మాటే.

వేసవి ముదిరాక, సెలవు పెట్టుకున్న ఒక మధ్యాహ్నం, నీళ్ళ పక్కనుండే కాలిదారిలో నడుస్తుంటే వెనక నుంచి "అమ్మా" అని పిలుపు. పెద్దాయన. చేతికర్ర ఊపుకుంటూ గబగబా వస్తున్నారు. ఆయాసం తీర్చుకోవడానికి బెంచీ మీద కూర్చుని నన్నూ కూర్చోమన్నారు. నాకు పారిపోవాలని ఉంది. పెద్దవాళ్ళు కూర్చోమంటే పారిపోవడం మన ఒంట్లో లేదు.

"మీ ఆడపడుచు కొడుకు పదో తరగతంట గదమ్మా," అన్నారు నవ్వుతూ. "నాతోనే పరాచికాలా? వాకబు చేస్తే తెలిసిపోయింది. పన్లోపని నీ గురించీ తెలిసింది. నీది పన్నుల ఆఫీసు కాదంటగా."

నేను బెంచీ మీంచి లేవబోయాను.

"భయపడకు, ఎవరికీ చెప్పలా. ఒక సాయం కావాలి. అప్పుడు చెప్పానే, ఆవుల ఫార్మ్ అబ్బాయి, వాళ్ళ చెల్లెలి సంబంధం. ఆ పిల్ల, వదిన ఆ ఇల్లు ఖాళీ చేశారంట. పెళ్ళివాళ్ళు వెళితే తాళం ఉందంట. ఆ అబ్బాయి కూడా ఫార్మ్‌లో లేడు."

వెళ్ళిపోయారు. తప్పించుకున్నారు. నెలలుగా ఎవరూ నాకు చెప్పని సంగతి ఈయన నోటి వెంట విన్నాను. సంతోషం ఆగక కళ్ళలో నీళ్ళొచ్చాయి. గాలికి అన్నట్టు తుడుచుకున్నాను.

"వాళ్ళు నన్ను వదలట్లేదమ్మా. రోజు విడిచి రోజు ఫోను. ఈ అబ్బాయి మీ ఆఫీసుకి కాగితాలు పెట్టుకుని ఉంటాడని నా ఊహ. మీ దగ్గర వాళ్ళావిడ అడ్రసు ఉంటది గదా. ఒక ఆడపిల్ల పెళ్ళి. పుణ్యం వస్తది."

నాకు తెలియదు అన్నాను. అది నిజం. ఆ ఫైలు నాకు మూసేసినందుకు మొదటిసారి దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. ఆయన నమ్మలేదు. మళ్ళీ బతిమాలారు. ఒక్క మాట కూడా మాట్లాడకు అని మా మేనేజర్ అన్నది గుర్తుంది. ఏదీ చెప్పకూడదు, సరే. అడగకూడదని అనలేదుగా.

"అంకుల్, పెళ్ళికొడుకు ఎవరు?"

"ఏం?"

"ఆ పిల్లని చేసుకునే అబ్బాయి. పేరేంటి? ఏం చదివాడు? ఎక్కడ ఉద్యోగం?"

నలభయ్యేళ్ళు ఇటు వాళ్ళ గురించి అటు, అటు వాళ్ళ గురించి ఇటు కనుక్కున్న మనిషి. పిల్ల వైపు గోంగూర కొట్టు దాకా వెళ్ళినాయన, పిల్లాడి పేరు అడగలేదు. ఎవరూ చెప్పలేదు కూడా. నీళ్ళ వైపు చూస్తూ వేళ్ళు మడుస్తున్నారు, ఎవరెవరు ఎప్పుడు ఫోన్ చేశారో గుర్తుచేసుకుంటున్నట్టు. ఆ ముఖంలో రంగు మారడం నేను పక్కనే కూర్చుని చూశాను.

"వాళ్ళు కట్నం మాట ఎత్తలేదమ్మా," అన్నారు చివరికి. "జాతకం అడగలేదు. పిల్ల ఫొటో అయినా అడగలేదు."

ఆయనే మళ్ళీ అందుకున్నారు.

"ఎంతసేపూ ఇల్లెక్కడ, ఇల్లెక్కడ అని. నిన్న ఇల్లు దొరకలేదయ్యా అంటే, పాప ఏ బడికెళ్తదో చూడమన్నారు." ఆయన కర్ర కింద పడింది. తీసుకోలేదు. "బడి వ్యాన్ తోలేవాడు మనవాడే. మెయిన్ రోడ్డు మీద కొత్తగా ఒక తెలుగు పాప ఎక్కుతందని చెప్పాడు. చెప్పేశానమ్మా. నిన్ననే చెప్పేశా."

ఇక్కడ మధ్యాహ్నం ముదిరితే అక్కడ పిల్లలు బడికి వెళ్ళే వేళ. నేను లేచి నిలబడి మేనేజర్‌కి ఫోన్ చేశాను. సందు లేకుండా చెప్పుకుపోయాను. సరే, ఇక నాకు వదిలెయ్ అంది. నేను ఫోన్ పెట్టేసరికి పెద్దాయన తన ఫోను చెవికి ఆనించుకుని ఉన్నారు. వద్దని చెయ్యి పట్టుకున్నాను. విదిలించుకున్నారు. మెస్ ఆయనకి చేస్తున్నారు. "ఒరే, బడి వ్యాన్ వాడికి ఫోన్ కలుపు. ఆ పాపని ఎవరికీ ఇవ్వొద్దను. ఎవరొచ్చినా సరే. తల్లి వస్తే తప్ప," అని అరుస్తున్నారు. ఆ దారిన పరుగెత్తేవాళ్ళు తిరిగి చూశారు. లైనులో ఉండమని, కనుక్కుని చెప్తానని అవతలాయన అన్నట్టున్నాడు. స్పీకరు పెట్టి ఫోను మా ఇద్దరి మధ్య బెంచీ మీద ఉంచారు. అవతల మెస్‌లో గిన్నెల చప్పుడు, ఎవరో ఇంకో అట్టు అడగడం మాకు వినిపిస్తోంది.

మెస్ ఆయన గొంతు మామూలుగానే వచ్చింది. అతనికేం తెలుసు పాపం. "మావయ్యా, ఆ పాప ఇవాళ వ్యాన్ ఎక్కలేదంట. రోడ్డు మీద వ్యాన్ ఆగేసరికే మేనమామంట, బండి మీద ఎక్కించుకుని పోతన్నాడంట. ఇవాళ బడికి రాదు అని చెప్పాడంట."

పెద్దాయన రెండు చేతుల్లో ముఖం పెట్టుకున్నారు. పుణ్యానికి పోతే పాపం ఎదురైందని మనం ఎంత తేలిగ్గా అనేస్తాం. ఆ రోజు ఆ మాట నోటికి రాలేదు. నాకు ఆయన మీద కోపం లేదు, జాలీ లేదు. భయం తప్ప ఇంకేమీ లేదు.

తల్లికి ముందే కబురంది, తమ్ముణ్ణి పంపి పాపని తీయించి ఉండొచ్చు. అలా జరగడానికి వీలుంది. నేను ఆ మాటే పట్టుకున్నాను. మర్నాడు ఆఫీసులో మేనేజర్ గది తలుపు వేసి అడిగాను. "నువ్వు సాక్షివి. నీకు చెప్పకూడదని నీకు తెలుసు," అంది. ఆవిడ ముఖంలో ఏదైనా దొరుకుతుందేమోనని చూశాను, ఇన్నేళ్ళుగా ముఖాలు చూసి కేసులు రాసినదాన్ని. ఏమీ దొరకలేదు. ఆ ఫైలు సంగతి ఇవాళ్టికీ నాకు తెలియదు.

పెద్దాయన టికెట్టు ముందుకు జరుపుకుని ఇండియా వెళ్ళిపోయారు. వెళ్ళే ముందు ఫోన్ చేశారు. గొంతు నీరసంగా ఉంది. "ఆ పాప సంగతి కనుక్కోమంటావా అమ్మా? రెండు ఫోన్లు చాలు," అన్నారు. కనుక్కుంటే నాకు తెలుస్తుంది. కనుక్కుంటూ ఉంటే వాళ్ళకీ తెలుస్తుంది. వద్దంకుల్ అన్నాను. మీరు ఇంకెప్పుడూ ఆ పేరు ఎత్తొద్దు అన్నాను. సరేనమ్మా అని పెట్టేశారు.

ఆ ఇంటర్వ్యూ రోజంతా అతన్ని ఎన్నో అడిగాను. బూత్‌కి తలుపులెన్ని, లారీ ఏ రంగు, కళ్ళం ఎంత దూరం, తండ్రి ఎప్పుడు పోయాడు, అత్తమామలు ఏం చేస్తారు. భార్యకి అన్నదమ్ములున్నారా అని మాత్రం అడగలేదు.